బ్యాక్‌వర్డ్ అంటే ఎవరికంటే వెనుక?

నారాయణపేట జిల్లా నర్వ మండలంలో పదో తరగతి చదివే ఒక ముదిరాజ్ పిల్లను ఊహించుకోండి. ఆ పిల్లది బ్యాక్‌వర్డ్ ఏరియా. కులం సర్టిఫికెట్ ప్రకారం బ్యాక్‌వర్డ్ క్లాస్, గ్రూప్ డీ. పేరెంట్స్ మీటింగ్‌లో లెక్కల సారు "మ్యాథ్స్‌లో జెర బ్యాక్‌వర్డ్ ఉంది" అంటాడు. పరీక్షలు కాగానే పెళ్లి చేస్తామని ఇంట్లో అంటే, హైదరాబాద్‌లో ఉండే మేనమామ ఫోన్ చేసి "ఇంకా ఇంత బ్యాక్‌వర్డ్‌గా ఆలోచిస్తే ఎట్లా బావా" అని కోప్పడతాడు.

నాలుగుసార్లు అదే మాట వచ్చింది. మొదటిది ఊరి గురించి, రెండోది చట్టం గురించి, మూడోది మార్కుల గురించి, నాలుగోది తిట్టు. వీటిలో ఏ ఒక్కటి నిజమైనా మిగతావి నిజం కావాలని లేదు. లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్నా ఆ పిల్ల బీసీ-డీ గానే ఉంటుంది. రేపు నర్వకు ఫ్యాక్టరీ వచ్చినా సర్టిఫికెట్ మారదు. కానీ టీవీ చర్చల్లో, అసెంబ్లీలో, కోర్టు తీర్పుల్లో, మన రచ్చబండ దగ్గర ఈ నాలుగింటినీ కలిపేసి మాట్లాడతాం. "వాళ్లకు పదెకరాలుంది, వాళ్లెట్లా బ్యాక్‌వర్డ్?" అనే ప్రశ్న పుట్టేది అక్కడే. రిజర్వేషన్ల మీద జరిగే సగం గొడవ ఈ ఒక్క విశేషణం తెచ్చిపెట్టిందేనని నాకనిపిస్తుంది.

మాట పుట్టిన చోట దానికి ఇంత బరువు లేదు. ఇంగ్లిష్‌లో మొదట అది దిక్కు మాత్రమే. వెనక్కి తిరిగిన, వెనుకవైపు ఉన్న అని అర్థం. తర్వాత మొహమాటపడే మనిషికి, ముందుకు రావడానికి జంకే మనిషికి వాడారు. అటుపైన చదువులో నిదానంగా ఉండే పిల్లలకు, ఆ తర్వాత ఏకంగా దేశాలకు అతికించారు. వలసపాలన కాలంలో ఆసియా, ఆఫ్రికా దేశాలన్నీ వాళ్ల కంటికి బ్యాక్‌వర్డే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ వాడుకకు సిగ్గుపడ్డారు. 1949 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తన ప్రమాణ స్వీకార ప్రసంగంలో 'అండర్‌డెవలప్డ్' అన్నాడు. దాని తర్వాత 'డెవలపింగ్' వచ్చింది. ఇవాళ లండన్‌లో ఒక మనిషిని బ్యాక్‌వర్డ్ అంటే గొడవైపోతుంది. మన దగ్గర తమను ఆ జాబితాలో చేర్చమని కలెక్టరేట్ ముందు ధర్నాలు చేస్తారు. ఇది వింతగా కనిపించొచ్చు గానీ, మధ్యలో జరిగిన కథ తెలిస్తే వింత కాదు.

మన దేశంలో ఈ మాట ఆఫీసు ఫైళ్లలోకి వచ్చింది చదువుల దారిలో. మద్రాసు ప్రెసిడెన్సీలో పంతొమ్మిదో శతాబ్దం చివరికే, బడికి రాని కులాల పిల్లలకు గ్రాంట్లు ఇవ్వడానికి బ్యాక్‌వర్డ్ జాబితాలు వేసుకున్నారు. 1902లో కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజ్ తన సంస్థానంలో ఖాళీ అయ్యే ఉద్యోగాల్లో సగం వెనుకబడిన వర్గాలకే ఇవ్వాలని ఉత్తర్వు తెచ్చాడు. ఎవరు వెనుకబడినవారు? బ్రాహ్మణులు, ప్రభులు, శేణ్వీలు, పార్సీలు, ఇంకా ముందున్న వర్గాలు మినహా మిగతా అందరూ. మైసూరులో 1918లో వేసిన మిల్లర్ కమిటీదీ దాదాపు ఇదే పద్ధతి. అంటే తొలిరోజుల్లో ఇది ఎవరు లేరో చెప్పి గీసిన గీత. కచేరీల్లో కుర్చీలన్నీ పట్టుకున్న కొద్దిమందిని పక్కన పెడితే మిగిలిన జనమంతా బ్యాక్‌వర్డ్. అందులో పేదలున్నారు, భూస్వాములూ ఉన్నారు. పదెకరాల ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఆ మాట పుట్టింది సర్కారు కొలువుల్లో, కాలేజీల్లో ఎవరు కనిపించడం లేదో చూడటానికి. ఎవరి గాదెలో ఎన్ని బస్తాలున్నాయో చూడటానికి కాదు.

1930లో బొంబాయి ప్రభుత్వానికి స్టార్టే కమిటీ రిపోర్టు ఇస్తూ ఈ గంపగుత్త మాటను మూడు ముక్కలు చేయమంది. అంటరానితనం అనుభవించే కులాలు ఒకటి, ఆదివాసీ తెగలు రెండు, ఇతర వెనుకబడిన తరగతులు మూడు. ఇప్పటి ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అనే విభజనకు మూలం అదే. ఓబీసీలో ఆ మొదటి అక్షరం 'ఇతర' అని చాలామంది గమనించరు. ఆ రెండు జాబితాల్లో పడని వాళ్లనే అర్థంలో పుట్టిన పేరది.

అసలు చర్చ 1948 నవంబర్ 30న రాజ్యాంగ సభలో జరిగింది. హైదరాబాద్ సంస్థానం యూనియన్‌లో కలిసి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. పాలమూరు, నల్లగొండ తరఫున ఆ సభలో మాట్లాడేవాళ్లెవరూ లేరు. ఉద్యోగాల్లో అందరికీ సమాన అవకాశం అనే అధికరణంలో, తగినంత ప్రాతినిధ్యం లేని వర్గాలకు రిజర్వేషన్ ఇవ్వొచ్చనే మినహాయింపు ఉంది. అందులోని 'వర్గాలు' అన్న మాటకు ముందు ముసాయిదా కమిటీ 'బ్యాక్‌వర్డ్' అనే మాట చేర్చింది. వెంటనే సభ్యులు లేచారు. ఈ మాటకు అర్థం ఎక్కడుంది? దేనితో కొలుస్తారు? చదువుతో కొలిస్తే దేశంలో నూటికి ఎనభై మంది బ్యాక్‌వర్డే కదా అని టి.టి. కృష్ణమాచారి అడిగారు. ఈ రాతతో లాయర్లకు పండగేనన్నట్టు ఎద్దేవా చేశారు.

అంబేద్కర్ ఇచ్చిన సమాధానాన్ని ఇవాళ్టికీ లా కాలేజీల్లో చెబుతారు. అలాంటి మాట ఒకటి పెట్టకపోతే మినహాయింపే నియమాన్ని మింగేస్తుందన్నారు. మరి బ్యాక్‌వర్డ్ ఎవరు అంటే, ప్రభుత్వం దృష్టిలో ఏ సమాజం వెనుకబడి ఉందో అదే వెనుకబడిన సమాజం అన్నారు. అది తప్పించుకునే సమాధానమని కొందరంటారు. నాకలా అనిపించదు. మద్రాసులో వెనుకబాటు ఒక తీరు, బిహార్‌లో ఇంకో తీరు. ఢిల్లీలో కూర్చుని ఒకే నిర్వచనం రాసేస్తే అది ఎక్కడో ఒకచోట తప్పుతుంది. అందుకే గడిని ఖాళీగా వదిలి, నింపే పని రాష్ట్రాలకు, తప్పుగా నింపితే దిద్దే పని కోర్టులకు అప్పజెప్పారు. ఆ గడి నింపడానికే డెబ్బై ఏళ్లకు పైగా కొట్టుకుంటున్నాం.

రాజ్యాంగంలోనే ఆ మాట రకరకాల తోడు మాటలతో కనిపిస్తుంది. అధికరణం 16(4)లో ఉద్యోగాలకు సంబంధించి ఉత్త 'వెనుకబడిన తరగతి'. 340లో, 1951 మొదటి సవరణతో వచ్చిన 15(4)లో 'సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన'. 46లో 'బలహీన వర్గాలు'. ఆర్థికంగా అనే మాట 15(4)లో చేర్చమని అడిగినా చేర్చలేదు. ఆ ఖాళీ కావాలని వదిలిందే. పేదరికం వచ్చిపోయేది, కులంతో వచ్చిన చిన్నచూపు తరతరాలకూ అంటుకునేది అన్నది ఆ రాత వెనకున్న లెక్క. మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ చట్టంలో బ్యాక్‌వర్డ్ అంటే పేద అని చదవడం మాత్రం తప్పు చదువే.

గడి నింపడానికి మొదటి ప్రయత్నం 1953లో కాకా కాలేల్కర్ కమిషన్. 1955లో 2,399 కులాల జాబితా ఇచ్చింది. అందులో 837 మరీ వెనుకబడినవంది. దేశంలో ఆడవాళ్లందరినీ ఒక వెనుకబడిన తరగతిగా చూడాలని కూడా సిఫారసు చేసింది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. రిపోర్టు పంపుతూ చైర్మనే, కులాన్ని కొలమానంగా తీసుకోవడం తనకు నచ్చలేదని రాష్ట్రపతికి ఉత్తరం రాశారు. రిపోర్టు మూలన పడింది. 1962లో మైసూరు కేసులో సుప్రీంకోర్టు ఒక్క కులాన్నే చూస్తే కుదరదంది. వెనుకబడిన, మరీ వెనుకబడిన అని రెండు ముక్కలు చేయకూడదంది. 68 శాతం రిజర్వేషన్ చాలా ఎక్కువంది. 1985లో కర్ణాటక కేసు వచ్చింది. బ్యాక్‌వర్డ్ అంటే ఏమిటో తేల్చమంటే ఐదుగురు జడ్జీలు ఐదు వేర్వేరు తీర్పులు రాశారు.

వీటన్నిటిలో ఆ మాటను నిజంగా తూకం వేసి చూసింది మండల్ కమిషన్. 1980 డిసెంబర్‌లో రిపోర్టు ఇచ్చింది. మండల్ అనగానే ఆందోళనలు గుర్తొస్తాయి గానీ, అది వేసిన మార్కుల పట్టిక గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మొత్తం 22 మార్కులు. పదకొండు వస్తే ఆ కులం వెనుకబడినట్టు. సామాజిక సూచికలు నాలుగు, ఒక్కోదానికి మూడు మార్కులు. చదువు సూచికలు మూడు, ఒక్కోదానికి రెండు. ఆర్థిక సూచికలు నాలుగు, ఒక్కోదానికి ఒకటే. ఇతరులు ఆ కులాన్ని తక్కువగా చూస్తారా, ప్రధానంగా రెక్కల కష్టం మీదే బతుకుతారా, పదిహేడేళ్లు నిండకుండా పెళ్లయ్యే ఆడపిల్లలు రాష్ట్ర సగటు కంటే బాగా ఎక్కువా, ఆడవాళ్లు పనికి పోవడం సగటు కంటే పాతిక శాతం ఎక్కువా అన్నవి సామాజిక సూచికలు. బడి మొహం చూడని పిల్లలు, మధ్యలో మానేసినవాళ్లు, పదో తరగతి దాటినవాళ్లు అన్నవి చదువు లెక్క. ఆస్తి, గుడిసె ఇళ్లు, తిండికి చేసిన అప్పు, తాగునీటి దూరం అన్నవి ఆర్థిక లెక్క. ఇంటింటి సర్వేకు జిల్లాకు రెండు ఊళ్లు, ఒక పట్టణ బ్లాకు చొప్పున తీసుకున్నారు.

ఆ పట్టికలో రెండు చోట్ల ఆగాలనిపిస్తుంది. ఆడవాళ్లు పనికి పోతే ఆ కులం వెనుకబడినట్టా? ఇవాళ అదే లెక్క వేస్తే ఆడవాళ్ల ఉద్యోగాలు పెరగడం అభివృద్ధి గుర్తు. మండల్ చూసింది నాట్లకు, కలుపుకు, మట్టి పనికి పోయే ఆడవాళ్లను. గడప దాటని ఇల్లు గౌరవమైన ఇల్లు అనే ఆనాటి చూపును ఉన్నదున్నట్టు తీసుకుని, ఆ చూపులో తక్కువైన కులాలను పట్టుకునే కొలత అది. దురాచారాన్ని మెచ్చుకోవడం కాదు గానీ, కొలత కాలంతో మారుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

రెండోది నీళ్లు. సగానికి పైగా ఇళ్లవాళ్లు తాగునీటికి అర కిలోమీటరు దాటి పోతుంటే ఒక మార్కు. ఇప్పుడు ఇది పట్టుకుని నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు పోదాం. అక్కడ బోరింగు ఇంటి ముందే ఉండేది. దూరం లెక్కలో ఆ ఊళ్లకు ఇబ్బందే లేదు. కానీ లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ ఆ బోరు నీళ్లలో ఎన్నో రెట్లు ఉండేది. పిల్లల పళ్లు పచ్చబడ్డాయి, పెద్దల నడుములు వంగిపోయాయి, కొందరి కాళ్లు దొడ్డివంకరలు పోయాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ నల్లగొండ టెక్నిక్ అనే పేరే పెట్టింది. జిల్లా పేరు ప్రపంచం పుస్తకాల్లోకి అలా ఎక్కింది. నడుము వంగిన మనిషి ఏ కులంవాడైనా కావొచ్చు. దూరాన్ని కొలిచే పట్టికకు నీళ్లలోని విషం కనిపించదు. కులం వెనుకబాటు కొలిచే సాధనంతో ఊరి వెనుకబాటు కొలవలేమనడానికి ఆ బోరింగే సాక్ష్యం.

మండల్ 3,743 కులాలను గుర్తించింది. పదేళ్ల తర్వాత 1990 ఆగస్టులో కేంద్రం 27 శాతం ప్రకటించడం, దేశం అట్టుడకడం, 1992 నవంబర్ 16న ఇంద్రా సాహ్ని కేసులో తొమ్మిదిమంది జడ్జీల తీర్పు రావడం తెలిసినవే. ఆ తీర్పులో మన మాటకు సంబంధించినవి మూడు. కులం నుంచి మొదలుపెట్టి వెనుకబాటును గుర్తించవచ్చు. వెనుకబడినవాళ్లలో మరీ వెనుకబడినవాళ్లను విడదీయవచ్చు, అంటే 1962 నాటి మాట చెల్లదు. పైకి వచ్చేసిన కుటుంబాలను, అంటే క్రీమీ లేయర్‌ను తీసేయాలి. చివరిది గొప్ప మెలిక. కులం వెనుకబడే ఉంటుంది గానీ అందులో ఒక ఇల్లు వెనుకబడి ఉండకపోవచ్చు.

మరీ వెనుకబడినవాళ్లను విడదీయడంలో తెలుగువాళ్లు సుప్రీంకోర్టు కంటే ఇరవై ఏళ్లు ముందున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అరవైలలో వేసిన బీసీ జాబితాలను కోర్టులు కొట్టేశాయి. అప్పుడు అనంతరామన్ కమిషన్ వేశారు. 1970లో రిపోర్టు వచ్చింది, అదే ఏడాది జీవో వచ్చింది. 25 శాతాన్ని నాలుగు గ్రూపులు చేశారు. సంచార జాతులు, విముక్త జాతులు (బ్రిటిష్ కాలంలో నేరస్థ జాతులని ముద్ర వేసి, తర్వాత ఆ ముద్ర తీసేసినవాళ్లు) వంటివాళ్లకు ఏ కింద 7, చేతివృత్తుల కులాలకు బీ కింద 10, క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు సీ కింద 1, మిగతావాళ్లకు డీ కింద 7. హైకోర్టు దాన్నీ కొట్టేసింది గానీ 1972లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. 2007లో ముస్లింలలో కొన్ని వర్గాలకు ఈ కింద 4 శాతం చేరింది. గద్వాల, నారాయణపేట మగ్గాల మీద కూర్చునే పద్మశాలీ బీ గ్రూపు. రాళ్లు కొట్టే వడ్డెర ఏ గ్రూపు. మా దగ్గర 'బీసీ' అని ఊరుకోరు, 'బీసీ ఏనా బీనా' అని అడుగుతారు. వెనుక అనేది ఒక చోటు కాదని, అందులోనూ ముందూ వెనుకా ఉంటాయని మా జనానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక సరిహద్దు దగ్గరికి వస్తే ఈ విశేషణం అసలు రంగు బయటపడుతుంది. జోగులాంబ గద్వాల జిల్లాలో గట్టు మండలం దాటితే కర్ణాటకలోని రాయచూర్ జిల్లా. ఇటువైపు వాల్మీకి బోయ కుటుంబం బీసీ-ఏ. అటువైపు అదే బంధువర్గం బేడ, నాయక అనే పేర్లతో ఎస్టీ. పిల్లనిచ్చి పుచ్చుకుంటారు, ఒకే దేవరకు మొక్కుతారు, పొలాల్లో ఒకే పంట. మధ్యలో ఒక గీత ఉంది కాబట్టి చట్టం కళ్లకు వాళ్లు రెండు రకాల వెనుకబాటు. తమనూ ఎస్టీల్లో చేర్చాలని నడిగడ్డ, అంటే గద్వాల వైపు బోయలు ఏళ్లుగా అడుగుతున్నారు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ అసెంబ్లీ ఆ మేరకు తీర్మానం చేసి కేంద్రానికి పంపింది.

లంబాడీలది ఇంకా పెద్ద కథ. ఆంధ్ర ప్రాంతంలో 1956 నుంచే ఎస్టీలైన వాళ్లు, తెలంగాణ తండాల్లో 1976 చట్టం వచ్చేదాకా కాదు. ఒకే రాష్ట్రంలో రెండు లెక్కలు. ఇప్పుడు దేవరకొండ తండాలో ఎస్టీ, కర్ణాటకలో అదే లంబాణీ ఎస్సీ, మహారాష్ట్రలో అదే బంజారా విముక్త జాతి. పాలమూరు నుంచి బొంబాయి బస్సెక్కి, కర్ణాటక మీదుగా పోయి మహారాష్ట్రలో దిగే తండా కూలీ ఒక్క రాత్రిలో మూడు జాబితాలు దాటతాడు. అలాగని పోయినచోటి జాబితా అతనికి వర్తించదు. 1990లో ఒక ఆంధ్రా విద్యార్థి ఎస్టీ సర్టిఫికెట్‌తో బొంబాయి మెడికల్ కాలేజీలో సీటు అడిగితే, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కుదరదంది. వెనుకబాటు అనేది ఆ రాష్ట్రపు పరిస్థితికి సంబంధించింది, మనిషి వలస పోతే వెంట రాదు అని తేల్చింది. తర్కంగా చూస్తే సరే. గుంపుమేస్త్రీ వెంట తట్టాపారా పట్టుకుని పోయిన కూలీకి మాత్రం ఊళ్లో ఉన్న అన్యాయం అక్కడా వెంటే ఉంటుంది, హక్కు ఒక్కటే ఊళ్లో ఆగిపోతుంది.

ఇంతవరకూ మనుషుల సంగతి. ప్రాంతానికి ఈ మాట అంటించిన చరిత్ర వేరు, మా జిల్లాలకు అది ఇంకా దగ్గరిది. 1955లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్ విశాలాంధ్ర గురించి రాస్తూ, విద్యలో వెనుకబడిన తెలంగాణ ప్రజలు ముందున్న కోస్తావాళ్లు తమను ముంచేస్తారని భయపడుతున్నారని చెప్పింది. ఆ 'విద్యలో వెనుకబడిన' అన్నమాట జాగ్రత్తగా చదవాలి. నిజాం కాలంలో బళ్లు తక్కువన్నది నిజమే. దానికి తోడు, ఉన్న చదువు ఉర్దూలో ఉండేది. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో ఇంజినీరింగ్, మెడిసిన్ కూడా ఉర్దూలోనే చెప్పారు. రాజ్యం మారి ఆఫీసు భాష ఇంగ్లిష్ కాగానే, నిన్నటిదాకా చదువుకున్నవాడు ఇవాళ చదువు రానివాడయ్యాడు. మనిషి ఉన్నచోటే ఉన్నాడు. ముందు అనే దిక్కు మారింది, అతను వెనుక అయ్యాడు.

ఉద్యమ కాలంలో 'వెనుకబడలేదు, వెనుకకు నెట్టబడ్డాం' అనే మాట తెలంగాణలో ఊరూరా వినిపించింది. తెలుగు క్రియలో ఉన్న సౌకర్యం అది. ఇంగ్లిష్ విశేషణంలో చేసినవాడు కనిపించడు. ఏదో కొండ ఎత్తులాగా, వాన పాతంలాగా అది ఆ ప్రాంతపు గుణం అన్నట్టు ఉంటుంది. పాలమూరు నుంచి కృష్ణా, తుంగభద్ర రెండూ పారుతాయి. ఆ జిల్లా కూలీలు దేశమంతా డ్యాములు కట్టారు. సొంత పొలాలకు మాత్రం నీళ్లు అందలేదు. దీనికి వర్షాభావం ఒక్కటే కారణమని చెబితే ఒప్పుకునేవాళ్లు మా జిల్లాలో దొరకరు. 2010 డిసెంబర్‌లో శ్రీకృష్ణ కమిటీ అంకెలు పరిచి, ప్రాంతాలవారీగా చూస్తే రాయలసీమే ఎక్కువ వెనుకబడిందని అన్నప్పుడు తెలంగాణవాదులు మండిపడ్డది కూడా ఇందుకే. కమిటీ సగటును చూసింది. ఇక్కడివాళ్లు అడిగింది నీళ్లెవరు వాడుకున్నారని.

సగటుతో ఇంకో చిక్కుంది. 2006-07లో కేంద్రం వెనుకబడిన ప్రాంతాల నిధి పెట్టి దేశంలో 250 జిల్లాలను ఎంచింది. ఉమ్మడి రాష్ట్రంలో 13. మహబూబ్‌నగర్, నల్లగొండ సరే. రంగారెడ్డి కూడా ఉంది! మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అప్పటికే వెలిగిపోతున్నది రంగారెడ్డి జిల్లాలోనే. పరిగి, వికారాబాద్ వైపు పల్లెలు, మాదాపూర్ అద్దాల మేడలు ఒకే జిల్లా పేరు కింద ఒకే విశేషణం మోశాయి. రాష్ట్ర విభజన తర్వాత హైదరాబాద్ తప్ప తెలంగాణలోని పాత తొమ్మిది జిల్లాలనూ వెనుకబడినవిగా లెక్కేసి, జిల్లాకు ఏటా 50 కోట్ల చొప్పున సాయం అన్నారు. పదిలో తొమ్మిది వెనుకబడితే వెనుక అనే మాటకు మిగిలేదేముంది?

మా పాత జిల్లాలోనూ ఇదే తంతు. ఫ్యాక్టరీలు వచ్చాయి, కానీ హైవే పట్టుకుని కొత్తూరు, షాద్‌నగర్, జడ్చర్ల దగ్గర ఆగాయి. కోస్గికి, నర్వకు, గట్టుకు పోలేదు. జిల్లా వెనుకబడిందన్న పేరు గట్టుది, వచ్చిన పని కొత్తూరుది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిటికంటే తక్కువ. జిల్లాలు విడగొట్టాక అవే లెక్కలు మళ్లీ పంచి చూస్తే జోగులాంబ గద్వాలలో సగం కూడా లేదు, 49.87 శాతం. పెద్ద జిల్లా సగటు కింద ఆ అంకె అన్నాళ్లూ దాక్కుంది.

పల్లెటూళ్లనే ఒక వెనుకబడిన తరగతిగా తీసుకుని రిజర్వేషన్ ఇస్తే పోలా అనే ఆలోచన కూడా జరిగింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మెడికల్ సీట్లలో గ్రామీణ ప్రాంతాలకు, కొండ ప్రాంతాలకు, ఉత్తరాఖండ్ ప్రాంతానికి కోటాలు పెట్టింది. 1974లో సుప్రీంకోర్టు కొండలు, ఉత్తరాఖండ్ వరకు ఒప్పుకుంది, పల్లెల కోటాను కొట్టేసింది. పల్లెలో ఉన్నంత మాత్రాన జనమంతా ఒకే తరగతి కాదంది. పటేల్ గడీలో పుట్టినవాడూ, ఆ గడీలో వెట్టి చేసినవాడూ ఇద్దరూ పల్లెవాళ్లేనన్నది మా జిల్లాల్లో తాతల కాలం వాళ్లకు బాగా ఎరుకే.

ఈమధ్య ప్రభుత్వాలకు ఈ మాట మీద మనసు విరిగింది. 2018 జనవరిలో కేంద్రం వెనుకబడిన జిల్లాలు అనడం మానేసి 'ఆకాంక్షిత జిల్లాలు' అంది. తెలంగాణ నుంచి మూడు ఎంచారు, దక్షిణ తెలంగాణ జిల్లా ఒక్కటీ లేదు. 2023లో మండలాల స్థాయికి దిగి 500 ఆకాంక్షిత బ్లాకులు ప్రకటించినప్పుడు నర్వ, గట్టు అందులోకి వచ్చాయి. జిల్లాను వదిలి మండలాన్ని కొలవడం మంచి మార్పే, పేరు మార్చడం కంటే చాలా మంచిది. 2019లో అగ్రవర్ణ పేదలకు 10 శాతం ఇచ్చినప్పుడు కూడా బ్యాక్‌వర్డ్ అనలేదు, 'ఆర్థికంగా బలహీన వర్గాలు', పొట్టిగా ఈడబ్ల్యూఎస్ అన్నారు. ఆదాయ పరిమితి 8 లక్షలు. ఓబీసీ క్రీమీ లేయర్‌కూ అదే 8 లక్షలు. ఒకరికి పేదరికానికి హద్దు, ఇంకొకరికి పైకొచ్చారనడానికి హద్దు. లెక్కించే తీరు మాత్రం ఒకటి కాదు. ఈడబ్ల్యూఎస్‌లో జీతం, వ్యవసాయం అన్నీ కలుపుతారు, క్రీమీ లేయర్‌లో ఆ రెండూ కలపరు. మీసేవ దగ్గర ఈ తేడా తెలియక తిరిగేవాళ్లు కోకొల్లలు.

గడిని నింపే అధికారం ఎవరిదన్న గొడవ కూడా తీరలేదు. 2018లో వచ్చిన 102వ సవరణ చదివి, 2021 మే నెలలో మరాఠా కేసులో సుప్రీంకోర్టు ఇక రాష్ట్రాలకు వెనుకబడిన తరగతులను గుర్తించే అధికారం లేదంది. ఆగస్టులో పార్లమెంటు 105వ సవరణ చేసి అధికారాన్ని రాష్ట్రాలకు తిరిగి ఇచ్చింది. తెలంగాణ 2024 చివర్లో ఇంటింటి కులసర్వే చేసి బీసీలు 56.33 శాతమని, అందులో ముస్లిం బీసీలు 10.08 అని తేల్చింది. 2025 మార్చిలో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ బిల్లులు అసెంబ్లీ దాటాయి. స్థానిక ఎన్నికల కోసం ఇచ్చిన 42 శాతం జీవో మీద అక్టోబర్‌లో హైకోర్టు స్టే ఇచ్చింది. అక్కడ అడ్డం పడింది ఎవరు బ్యాక్‌వర్డ్ అన్న ప్రశ్న కాదు, అన్ని రిజర్వేషన్లూ కలిపి సుప్రీంకోర్టు పెట్టిన 50 శాతం హద్దు దాటవచ్చా అన్నది.

అప్లికేషన్లు పెట్టుకునే పిల్లలకు మాత్రం ఒక సంగతి చెప్పాలి. రాష్ట్రానికీ కేంద్రానికీ జాబితాలు వేర్వేరు. మీసేవలో తీసుకునే బీసీ-ఏ, బీ, డీ కులం సర్టిఫికెట్ రాష్ట్ర కాలేజీలకు, ఉద్యోగాలకు. కేంద్రంలో గ్రూపులు లేవు, అందరూ ఒకే ఓబీసీ. దానికి కేంద్రం ఫార్మాట్‌లో, క్రీమీ లేయర్ కాదని రాసిన వేరే సర్టిఫికెట్ తహసీల్దార్ ఆఫీసు నుంచి తీసుకోవాలి. నోటిఫికేషన్‌లో ఏ తేదీ తర్వాత ఇచ్చినది అడిగారో చూసుకోండి. పోయినేడాది కాగితం పట్టుకుని పోతే, సర్టిఫికెట్ల వెరిఫికేషన్ రోజున జనరల్ కింద వేసేస్తారు.